హోల్మియం, థూలియం, మధ్యలో నీళ్ళు

(ఒక ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయం హాల్లో ఒక యూరాలజిస్టు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందాండీ? వినబడకపోతే చెయ్యి ఊపండి, మైకు దగ్గరికి జరుగుతాను. సరే.

మొదలుపెట్టే ముందు ఒకటి అడుగుతాను. మీలో కిడ్నీలో రాయి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఎత్తండి చేతులు, ఇందులో సిగ్గేముంది. ఒకటి, రెండు, నాలుగు... పదకొండు. పోనీ, ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చినవాళ్ళు? అదీ. సగం హాలు. అంటే నేను ఇవాళ నొప్పి గురించి చెప్పక్కర్లేదు. మీకు నాకన్నా బాగా తెలుసు.

పోయిన నెల మా క్లినిక్‌కి ఒక మాస్టారు వచ్చారు. రిటైరై పదేళ్ళయింది. చేతిలో నాలుగు రంగుల్లో అచ్చేసిన కరపత్రం. కుర్చీలో కూర్చోకుండానే అడిగారు: "డాక్టరుగారూ, మీ దగ్గరున్నది హోల్మియమా, థూలియమా? థూలియం లేకపోతే ముందే చెప్పేయండి, మా అబ్బాయి హైదరాబాద్ తీసుకెళ్తానంటున్నాడు." నేను అన్నాను, "మాస్టారూ, చెప్తాను. ముందు మీ రాయి ఎంతుందో చెప్పండి." ఆయన కొడుకు వైపు చూశారు. కొడుకు ఫోన్ వైపు చూశాడు. రాయి సైజు ఇద్దరికీ తెలియదు. అది ఎక్కడుందో తెలియదు. లేజర్ పేరు మాత్రం నోటికొచ్చు.

నవ్వొద్దు. తప్పు ఆయనది కాదు. మనకి అలా అమ్ముతున్నారు. ఫోన్ కొన్నప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడుగుతామే, అలాగ. అందుకే ఇవాళ రాయిని పగలగొట్టే ఈ రెండు లేజర్ల సంగతి దాచకుండా చెప్తాను. తేడా ఉందా? ఉంది. ఎంత తేడా? అది ఎవరికి పనికొస్తుంది? మాస్టారు హైదరాబాద్ వెళ్ళాలా వద్దా? చివరికి అక్కడికే వద్దాం.

ముందు అసలు లేజర్ ఎవరికి కావాలో చూద్దాం. కిడ్నీ నుంచి మూత్రాశయానికి ఒక గొట్టం ఉంటుంది, మూత్రనాళం. సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. రాయి కిడ్నీలో కదలకుండా కూర్చుంటే చాలామందికి తెలియనే తెలియదు. జారి ఆ గొట్టంలో ఇరుక్కుందా, అప్పుడు అర్ధరాత్రి ఆటో ఎక్కాల్సిందే. అలా జారిన రాయి 5 మిల్లీమీటర్ల లోపుంటే, ముగ్గురిలో ఇద్దరికి దానంతట అదే పడిపోతుంది. 5 నుంచి 10 మధ్య ఉంటే సగం మందికి. నాలుగైదు వారాలు ఆగొచ్చు, నొప్పి మందులతో. ఆగకూడనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి తర్వాత.

ఇక్కడే మన వైద్యాలన్నీ వస్తాయి. అరటిదూట రసం, ఉలవచారు, కొండపిండి ఆకు, ఇంకా ఆ పక్క వరసలో నవ్వుతున్న కుర్రాళ్ళ బీరు. 4 మిల్లీమీటర్ల రాయి పడిపోయేదే. పడిపోయిన రోజున మీరేం తాగారో దానికి పేరొస్తుంది. ఉలవచారు తాగండి, బాగుంటుంది, నేనూ తాగుతాను. కానీ 14 మిల్లీమీటర్ల రాయి పెట్టుకుని మూడు నెలలు ఉలవచారు తాగుతూ కూర్చుంటే, ఆ మూడు నెలలూ కిడ్నీ వాచిపోతుంది. బయటికి నొప్పి తగ్గిందనిపిస్తుంది కూడా. నొప్పి తగ్గితే రాయి పోయినట్టు లెక్క కాదండీ, దయచేసి ఇది గుర్తుంచుకోండి. స్కానింగ్ చూస్తేనే తెలుస్తుంది.

రాయి 2 సెంటీమీటర్లు దాటితే మామూలుగా వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీస్తాం. చిన్నవాటికి బయటి నుంచి షాక్ తరంగాలు కొట్టే మిషన్ ఉంది, 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది, ఇప్పటికీ పనిచేస్తుంది. మధ్య సైజువి, గొట్టంలో ఇరుక్కున్నవి, షాక్ తరంగాలకి లొంగనివి, రక్తం పల్చబడే మందులు ఆపడానికి వీల్లేనివాళ్ళవి, ఇవన్నీ లేజర్ దగ్గరికి వస్తాయి. కోత ఉండదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి దుర్బీను పంపుతాం. కిడ్నీ లోపలికి వెళ్ళేదైతే పాములా వంగుతుంది. దానిలో 1.2 మిల్లీమీటర్ల సందు ఒకటి ఉంటుంది. లేజర్ తీగ ఆ సందులోంచే వెళ్ళాలి, నీళ్ళూ ఆ సందులోంచే వెళ్ళాలి. ఈ సందు సంగతి గుర్తుంచుకోండి. సగం కథ అక్కడే ఉంది.

లేజర్‌తో రాయి పగలగొట్టాలన్న ఆలోచన పాతదే. 1960లో మొదటి లేజర్ వచ్చింది, కెంపు రాయితో చేసినది, రూబీ లేజర్. ఎనిమిదేళ్ళకే, 1968లో, దానితో మూత్రపిండాల రాళ్ళ మీద ప్రయోగం చేశారు, ఒంట్లో కాదులెండి, బయట. రాయి పగిలింది. ఎంత వేడి పుట్టిందంటే మనిషిలో వాడే మాటే లేదన్నారు. 1980లలో డై లేజర్ అని ఆకుపచ్చ కాంతిది వచ్చింది. అది వాడారు, పనిచేసింది. కానీ దానికో చాదస్తం ఉండేది. రాయి రంగు కలిగి ఉండాలి, ఆ కాంతిని పీల్చుకోవాలి. సిస్టీన్ రాయని ఒక రకం ఉంది, పాలిపోయినట్టుంటుంది. దాని ముందు ఈ లేజర్ దండగ. ఎంత కొట్టినా చలించదు.

1990లలో హోల్మియం వచ్చింది. వచ్చి ఆట మార్చేసింది. ఎందుకు? దానికి రాయి రంగుతో పనిలేదు. అది కొట్టేది నీళ్ళని.

మళ్ళీ చెప్తాను, ఇది ముఖ్యం. హోల్మియం కొట్టేది నీళ్ళని. థూలియం కొట్టేదీ నీళ్ళనే. కిడ్నీలో ఎప్పుడూ నీళ్ళుంటాయి, మేమూ పంపుతూనే ఉంటాం. రాయి చూడ్డానికి గట్టిగా ఉన్నా దాని సందుల్లోనూ తడి ఉంటుంది. ఈ లేజర్ల వెలుగు కంటికి కనబడదు. వీడియోల్లో మీరు చూసే ఎర్ర చుక్క, ఆకుపచ్చ చుక్క ఉంటాయే, అవి లేజర్ ఎక్కడ తగులుతుందో మాకు చూపించే టార్చిలైటు మాత్రమే. అసలు కిరణాన్ని నీళ్ళు గటగటా తాగేస్తాయి. తాగి, క్షణంలో వెయ్యో వంతులో ఆవిరైపోతాయి. తీగ కొసన ఒక ఆవిరి బుడగ లేస్తుంది. ఆ బుడగలోంచి మిగతా కిరణం రాయి దాకా వెళ్తుంది, రాయి సందుల్లో ఉన్న నీటినీ ఆవిరి చేస్తుంది, రాయి లోపలి నుంచి చిట్లుతుంది. ఇంగువ పోపులో తడి ఆకు పడితే చిటపటమంటుందే, అదే సూత్రం.

నీళ్ళు పక్కకి తప్పుకుని కిరణానికి దారి ఇవ్వడాన్ని మోజెస్ ఎఫెక్ట్ అంటారు. బైబిల్లో సముద్రం విడిపోయి దారి ఇచ్చింది కదా, ఆ పేరు. మనవాడెవడైనా కనిపెట్టి ఉంటే వసుదేవుడి పేరు పెట్టేవాడు. బుట్టలో కృష్ణుణ్ణి పెట్టుకుని వస్తుంటే యమున దారి ఇవ్వలేదా? అదే. ఈ మధ్య హోల్మియం మిషన్లలో ఒక దెబ్బని రెండుగా విడగొడుతున్నారు. మొదటిది బుడగ లేపి దారి చేస్తుంది, వెనకే రెండోది ఆ దారిలో వెళ్ళి రాయిని కొడుతుంది. కంపెనీ దానికి మోజెస్ అనే పేరు పెట్టుకుంది.

ఇప్పుడు రెండిటికీ తేడా ఎక్కడుంది? నీళ్ళు ఎంత త్వరగా తాగేస్తాయన్న దాంట్లో. హోల్మియం కాంతి తరంగం పొడవు సుమారు 2100 నానోమీటర్లు. థూలియం ఫైబర్ లేజర్‌ది 1940. ఈ చిన్న తేడాకే నీళ్ళ దాహం నాలుగు రెట్లు పెరుగుతుంది. హోల్మియం నీటిలో ఓ 0.4 మిల్లీమీటర్లు వెళ్తుంది, థూలియం ఓ 0.1. ఇది మీకు భరోసా ఇచ్చే విషయం కూడా. తీగ కొస రాయికి ఆనించి ఉండాలి. కాస్త దూరమైతే ఏదీ తగలదు. "లేజర్ పొరపాటున వెన్ను దాకా వెళ్ళిపోతుందా డాక్టరుగారూ" అని అడిగేవాళ్ళున్నారు. వెళ్ళదమ్మా. గోరు మందం కూడా వెళ్ళదు.

ఒక చిన్న పక్కదారి, ఒక్క నిమిషం. ఈ హోల్మియం, థూలియం అనేవి లోహాలు. 1879లో స్వీడన్‌లో క్లేవ్ అనే రసాయన శాస్త్రవేత్త రెండిటినీ ఒకే మట్టిలోంచి విడదీసి పేర్లు పెట్టాడు. స్టాక్‌హోమ్ పాత లాటిన్ పేరు హోల్మియా, అందుకే హోల్మియం. పాతకాలంలో ఉత్తరపు చివరి దేశాన్ని థూలే అనేవాళ్ళు, అందుకే థూలియం. మూలకాల పట్టికలో ఒకటి 67, ఒకటి 69. మధ్యలో ఒక్క ఇల్లే తేడా. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల మధ్య ఇప్పుడు కంపెనీలు పంచాయితీ పెట్టాయి, అంతే.

సరే, మిషన్ల దగ్గరికి వద్దాం. హోల్మియం మిషన్‌లో లోపల ఒక స్ఫటికం ఉంటుంది, దాని పక్కన ఫ్లాష్ లైట్లు, ఫోటో స్టూడియోలో ఉంటాయే అలాంటివి. అవి మెరిసినప్పుడల్లా స్ఫటికంలోంచి ఒక దెబ్బ వస్తుంది. కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. దాన్ని చల్లార్చడానికి లోపల నీళ్ళ ఏర్పాటు. 100, 120 వాట్ల పెద్ద మిషన్ అయితే బీరువా అంత ఉంటుంది, విడిగా పెద్ద కరెంటు లైను కావాలి. ఎండాకాలం వోల్టేజీ పడిపోతే అలిగి కూర్చుంటుంది. నేను అనుభవించాను.

థూలియం ఫైబర్ లేజర్‌లో స్ఫటికం లేదు. మీటర్ల కొద్దీ పొడవున్న సన్నటి గాజు తీగ ఉంటుంది, అందులో థూలియం కలిపి ఉంటుంది. చిన్న ఎలక్ట్రానిక్ లేజర్లు దాన్ని లేపుతాయి. ఫ్యాను గాలితో చల్లారిపోతుంది. గోడకున్న మామూలు ప్లగ్గులో పెట్టొచ్చు. పక్క ఆపరేషన్ థియేటర్‌కి ఒక్క మనిషి తోసుకుపోవచ్చు. 2019, 20 ప్రాంతాల్లో అమెరికాలో అనుమతి వచ్చి మార్కెట్లోకి దిగింది. మన చిన్న ఊళ్ళ ఆసుపత్రులకి ఇది నిజంగా పెద్ద సౌకర్యం. ఇది మాకు సౌకర్యం. మీకు? చెప్తాను.

ఇంట్లో రోలూ రోకలీ చూసినవాళ్ళున్నారా? తిరగలి చూసినవాళ్ళు? పెద్దవాళ్ళందరూ చూసే ఉంటారు. హోల్మియం దెబ్బ రోకలి పోటు. ఒక్కో పోటు బలంగా, క్షణంలో వేల వాట్లు. సెకనుకి ఓ 20 నుంచి, పెద్ద మిషన్లలో 120 దాకా. ముక్కలు, నూక వస్తాయి. థూలియం తిరగలి. ఒక్కో దెబ్బ బలం తక్కువ, ఆ క్షణంలో 500 వాట్లు దాటదు. కానీ సెకనుకి వందల్లో, మిషన్ చెయ్యగలిగింది 2400 దాకా. మెత్తగా పిండి వస్తుంది.

రోకలితో పోటేస్తే గింజ ఎగిరిపడుతుంది, అవునా? రాయీ అంతే. హోల్మియం దెబ్బకి వెనక్కి ఎగురుతుంది. మూత్రనాళంలో ఉన్న రాయి ఎగిరి కిడ్నీలోకి వెళ్ళిపోతే మళ్ళీ దాని వెనక పరిగెత్తాలి. క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ని గట్టిగా కొడితే కాయిన్ ఎటో పోతుందే, అలా. థూలియంతో ఇది బాగా తక్కువ. ఇదొక నిజమైన లాభం.

రెండోది తీగ. హోల్మియం కిరణం లావు, 200 మైక్రాన్ల కన్నా, అంటే 0.2 మిల్లీమీటర్ల కన్నా సన్నటి తీగలోకి దాన్ని ఎక్కించలేం. థూలియంని 150 మైక్రాన్ల తీగలోనూ పంపొచ్చు. ఇందాక 1.2 మిల్లీమీటర్ల సందు గుర్తుంచుకోమన్నాను కదా? తీగ సన్నగా ఉంటే అందులోంచి నీళ్ళు ఎక్కువ వెళ్తాయి. నీళ్ళు ఎక్కువ వెళ్తే లోపల తేటగా కనబడుతుంది. పైగా దుర్బీను ఇంకాస్త వంగుతుంది. కిడ్నీ కింది గదిలో రాయి ఉంటే దుర్బీను వెనక్కి తిరిగి చూడాలి, లావు తీగ ఉంటే అది వంగదు. ఇదీ నిజమైన లాభమే.

ఇప్పుడు వేడి గురించి. దీన్ని కరపత్రాల్లో రాయరు.

చాలామంది అనుకునేది, కొత్త లేజర్ అంటే చల్లటి లేజర్ అని. అలా ఏం లేదు. వాట్లు సమానమైతే వేడి సమానం, పేరు ఏదైనా. ఒక లెక్క వేద్దాం, ఇక్కడ మాస్టార్లు చాలామంది ఉన్నారు, తప్పయితే చెప్పండి. ఒక మిల్లీలీటర్ నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 4.2 జౌళ్ళు కావాలి. కిడ్నీ లోపలి గిన్నెలో ఓ 10 మిల్లీలీటర్లు పడతాయనుకోండి. అంటే 42 జౌళ్ళు. నేను 40 వాట్లలో లేజర్‌ని నడిపే పెడల్ తొక్కాననుకోండి, సెకనుకి 40 జౌళ్ళు. అంటే? సెకనుకి దాదాపు ఒక డిగ్రీ! నీళ్ళు రాకుండా ఆగిపోతే 37 నుంచి 43కి చేరడానికి ఆరు సెకన్లు. 43 దాటాక అది ఎంతసేపు ఉంటే కణాలు అంత దెబ్బతింటాయి, డిగ్రీ పెరిగేకొద్దీ ఆ గడువు సగం సగం తగ్గిపోతుంది. ఇంకా పైకి పోతే నిమిషాలు కూడా అక్కర్లేదు.

మరి రోజూ చేస్తున్నాం కదా, ఏమీ అవట్లేదు కదా? నీళ్ళు ఆగకుండా వెళ్తుంటాయి కాబట్టి. పక్కన ఇంకో దారిలో బయటికి వస్తుంటాయి కాబట్టి. పెడల్ ఏకబిగిన తొక్కం కాబట్టి. తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి. అమ్మాయిలు పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ మంట తగ్గిస్తుంటారే, అలా. "మా మిషన్ 120 వాట్లు సార్" అని ఎవరైనా గొప్పగా చెప్తే, గుండ్రంగా ఉన్న చిన్న కిడ్నీలో 120 వాట్లు ఏం చేసుకుంటారయ్యా అని నేను అడుగుతాను. కారుకి 180 స్పీడు ఉంది. మన బజారు వీధిలో ఎంతలో నడుపుతారు?

థూలియంలో మాకు ఒక ప్రలోభం ఉంది. పిండి బాగా వస్తోంది కదా అని సెకనుకి వందల దెబ్బలు పెట్టి తొక్కుతూ పోతాం. అప్పుడు వాట్లు తెలియకుండా పెరిగిపోతాయి. గట్టి రాళ్ళ మీద నల్లగా మాడడం, నిప్పురవ్వలు కూడా కనబడతాయి. రాయి పొడి లేచి లోపల మంచు కురిసినట్టయి ఏమీ కనబడదు. కనబడకపోతే ఆగాలి. ఆగడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక మిషన్‌తోపాటు రాదు.

నా సంగతే చెప్తాను. వంగే దుర్బీను కొత్తగా వచ్చిన రోజుల్లో, తీగ కొస ఇంకా దుర్బీను లోపలే ఉండగా పెడల్ తొక్కేశాను. తొందర. తెర ఒక్కసారి నల్లబడిపోయింది. రోగికి ఏమీ కాలేదు, దేవుడి దయ, కానీ లక్షల విలువైన దుర్బీను అక్కడికక్కడే పోయింది. హోల్మియం అయితేనేం, థూలియం అయితేనేం, కాలు నాదే కదా.

మరి పరీక్షలు ఏం చెప్తున్నాయి? ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఎందుకంటే కరపత్రంలో ఒక పరీక్ష ఉంటుంది, రెండోది ఉండదు.

నార్వేలో 120 మంది రోగుల మీద ఒక పరీక్ష చేశారు, 2022లో అచ్చయింది. చీటీ తీసినట్టు సగం మందికి హోల్మియం, సగం మందికి థూలియం. మూడు నెలలకి చూస్తే రాయి పూర్తిగా పోయినవాళ్ళు థూలియంలో 92 శాతం, హోల్మియంలో 67 శాతం. విడదీసి చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మూత్రనాళంలో రాళ్ళకి రెండూ సమానం, రెండిట్లోనూ అందరికీ పోయాయి. తేడా అంతా కిడ్నీలో ఉన్న రాళ్ళ దగ్గరే, 86 శాతం, 49 శాతం. ఆపరేషన్ సమయం 49 నిమిషాలు, 57 నిమిషాలు. అబ్బో, థూలియం గెలిచేసింది అనుకుంటారు. కానీ వాళ్ళు వాడిన హోల్మియం 30 వాట్ల చిన్న పాత రకం. ఇందాక చెప్పిన రెండు దెబ్బల ఏర్పాటు దానిలో లేదు. కొత్త కారునీ పాత అంబాసిడర్‌నీ పోటీ పెట్టినట్టు.

మరుసటి ఏడాది అమెరికాలో 108 మందితో ఇంకో పరీక్ష వచ్చింది. ఈసారి థూలియంకి ఎదురు నిలబెట్టింది కొత్త హోల్మియం, మోజెస్ ఏర్పాటు ఉన్నది. ఏమైంది? లోపల పట్టిన సమయంలో తేడా లేదు. రాయి పోయినవాళ్ళ లెక్కలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతే. సమ ఉజ్జీలు.

కాబట్టి నా మాట ఇది. మీ ఊళ్ళో చిన్న పాత హోల్మియం, పక్క ఊళ్ళో థూలియం ఉంటే, కిడ్నీలో సెంటీమీటర్ దాటిన రాయికి థూలియం వైపు మొగ్గుతాను. మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయికి బస్సు ఎక్కి ఎక్కడికీ వెళ్ళకండి, ఏదైనా ఒకటే. కొత్త హోల్మియంకి, థూలియంకి మధ్య అయితే, మిషన్‌ని చూడొద్దు, దాన్ని తొక్కే కాలుని చూడండి. ఇంకో అన్నదమ్ముడు కూడా వచ్చాడు, పల్స్‌డ్ థూలియం యాగ్ అని, 2013 నానోమీటర్లు. దెబ్బ బలం ఈ ఇద్దరి మధ్యా ఉంటుంది. రేపు దానికీ కరపత్రం వస్తుంది, కంగారు పడకండి.

అసలు అడగాల్సింది మిగిలినదాని గురించి. రాయిని పిండి చేశాం, బాగుంది. ఆ పిండి ఎక్కడికి పోయింది? మూత్రంలో పోతుందనుకుంటాం. కొంత పోతుంది. కిడ్నీ కింది గది గిన్నె అడుగులాంటిది, పిండి అక్కడ పేరుకుంటుంది. అందులో మనం పిండి అనుకున్నది కొంత రవ్వే. ఆ రవ్వ పట్టుకుని మళ్ళీ రాయి పెరుగుతుంది. అందుకే ఇప్పుడు పిండిని పీల్చి బయటికి తీసే వంగే గొట్టాలు వచ్చాయి. నన్నడిగితే, ఈ మూడు నాలుగేళ్ళలో లేజర్ పేరు కన్నా ఈ పీల్చే గొట్టమే ఎక్కువ మేలు చేసింది. వేడి నీళ్ళు కూడా బయటికి లాగేస్తుంది, లోపల ఒత్తిడి పెరగనివ్వదు. ఒత్తిడి పెరిగితేనే కదా క్రిములు రక్తంలోకి ఎక్కేది.

"రాయి మొత్తం పోయింది" అని డాక్టరు అంటే, ఎలా చూసి అంటున్నారో అడగండి. దుర్బీనులో చూసి అనడం వేరు, ఎక్స్‌రేలో చూసి అనడం వేరు, సీటీ స్కాన్‌లో చూసి అనడం వేరు. నా రోగి ఒకావిడ ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక నేనే "అమ్మా, మొత్తం పోయింది" అన్నాను, మనస్ఫూర్తిగా. వేరే పని మీద ఆరు నెలలకి సీటీ తీస్తే 4 మిల్లీమీటర్ల ముక్క కింది గదిలో హాయిగా కూర్చుని ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. నాకే తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచీ "నాకు కనబడినంత వరకు పోయింది" అంటున్నాను.

ఆగకూడనివాళ్ళ సంగతి తర్వాత చెప్తానన్నాను. రాయి అడ్డుపడి, పైన మూత్రం నిలిచిపోయి, చలి జ్వరం వచ్చిందా? అప్పుడు ఏ లేజరూ వద్దు. ముందు మూత్రనాళంలో స్టెంటు, అంటే సన్నటి గొట్టం వేసి, లేదా వీపు నుంచి గొట్టం వేసి ఆ చీము మూత్రాన్ని బయటికి వదలాలి. జ్వరం తగ్గాక, కొన్ని రోజులాగి, అప్పుడు రాయి. "వచ్చిన పని ఒకేసారి తేల్చెయ్యండి డాక్టరుగారూ" అని ఒత్తిడి పెట్టకండి. ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క కిడ్నీయే ఉన్నవాళ్ళు, మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్ళు కూడా ఆగకూడదు. జ్వరం లేనివాళ్ళకి సైతం ఆపరేషన్‌కి ముందు మూత్రం కల్చర్ పరీక్ష తప్పదు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి.

ప్రశ్నలకి వద్దాం. అక్కడ, చీర కొంగు పట్టుకున్న అమ్మగారు. ఆ... రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నారు, గుండెకి స్టెంటు ఉంది, లేజర్ చేయించుకోవచ్చా అని. చేయించుకోవచ్చమ్మా. షాక్ తరంగాలూ, వీపు నుంచి రంధ్రం చేసేదీ అలాంటివాళ్ళకి కష్టం. లేజర్‌కి వీలుంటుంది. ఆపాలా వద్దా అనేది మీ గుండె డాక్టరూ, మేమూ మాట్లాడుకుని చెప్తాం, మీరు సొంతంగా ఆపకండి.

ఇంకెవరు? యూరిక్ యాసిడ్ రాళ్ళు. మంచి ప్రశ్న. వాటిని చాలాసార్లు లేజర్ లేకుండానే కరిగించొచ్చు. మూత్రం పులుపు తగ్గించే మందు, పొటాషియం సిట్రేట్, వారాల తరబడి తాగితే కరిగిపోతాయి. అందుకే రాయి పడిపోతే పారేయకండి, చిన్న డబ్బాలో వేసి తెచ్చివ్వండి, ఏ రకమో పరీక్ష చేస్తాం. వచ్చినవాళ్ళలో సగం మందికి పదేళ్ళలో మళ్ళీ వస్తుంది. రకం తెలిస్తే రెండోదాన్ని ఆపే వీలుంటుంది. పాలు మానేయాలా అని పక్కావిడ అడుగుతున్నారు. వద్దమ్మా, పాలు మానకండి, ఉప్పు తగ్గించండి. ఆవకాయ... ఆవకాయ గురించి నన్ను అడగొద్దు, నేనూ ఇక్కడివాణ్ణే. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి, ఎండలో పనిచేసేవాళ్ళు దానికి తగ్గట్టు తాగాలి.

మాస్టారి సంగతి అడుగుతున్నారా? చెప్పడం మర్చిపోయాను. స్కానింగ్ తీశాం. మూత్రనాళం కింది భాగంలో 4 మిల్లీమీటర్లు. మందులిచ్చి పంపాం. పన్నెండో రోజున అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చారు. హోల్మియం లేదు, థూలియం లేదు. హైదరాబాదూ లేదు.

చివరిగా ఒక్కటి, ఇది చెప్పకుండా నేను దిగను. లేజర్ చేశాక చాలామందికి లోపల ఒక స్టెంటు పెడతాం, డీజే స్టెంటు, సన్నటి ప్లాస్టిక్ గొట్టం. మూత్రానికి మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది, కాస్త ఎర్రగా వస్తుంది, నడుము లాగుతుంది. అది కొన్ని రోజుల సంగతి. రెండు మూడు వారాల్లో తీయించుకోవాలి. గుండెలో వేసే స్టెంటులా అది ఉండిపోయేది కాదు. బాధ తగ్గిపోగానే మర్చిపోయేవాళ్ళున్నారు. ఏళ్ళ తర్వాత వస్తారు, స్టెంటు చుట్టూ రాయి కట్టేసి ఉంటుంది, తీద్దామంటే రాదు. దాన్ని తీయడానికి మళ్ళీ అదే లేజర్ పట్టుకోవాలి. మీకుగానీ, మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ ఎవరికైనా స్టెంటు ఉండిపోయిందేమో ఇవాళ ఇంటికెళ్ళి డిశ్చార్జి కాగితం తీసి చూడండి. ఉంటే, రేపు సోమవారమే రండి.